మూకీ సీరియళ్లు: పేపర్లో అధ్యాయం, తెరమీద ఎపిసోడ్. తేదీలు ఎలా కలపాలి?

రీలుపెట్టె (టపా 1)

అందరికీ నమస్కారం. 1912 నుంచి 1917 దాకా అమెరికాలో వచ్చిన మూకీ సీరియళ్ల మీద తెలుగులో ఒక పట్టిక తయారు చేస్తున్నాను. ఒక్కో ఎపిసోడ్‌కి ఒక వరస. హాల్లో విడుదలైన తేదీ, అదే కథ పత్రికలో అచ్చైన తేదీ, దానికి జోడించిన పోటీ, పాట, పుస్తకం, పోస్టరు అన్నీ ఆ వరసలోనే రావాలి. మూడు చోట్ల పని ఆగింది.

ఒకటి: ‘వాట్ హాపెన్డ్ టు మేరీ’ని మొదటి సీరియల్ అనొచ్చా? రెండు: ‘ద మిలియన్ డాలర్ మిస్టరీ’కి ఒక చిన్న ఊరి పత్రికలో 9వ అధ్యాయం అచ్చైన వారమే, అదే పత్రికలో హాలు ప్రకటన 1వ ఎపిసోడ్ అంటోంది. ఏ తేదీ వేయాలి? మూడు: అమ్మకానికి వచ్చే కరపత్రాలు, షీట్ మ్యూజిక్ (పాటల స్వరాలు అచ్చైన కాగితాలు) ఆ కాలంవేనా, తర్వాత అచ్చు వేసినవా అని ఎలా తేల్చాలి?

పాతకాగితం (టపా 2)

మొదటిదానికి జవాబు. ‘మేరీ’ని ఎడిసన్ కంపెనీ, ‘ద లేడీస్ వరల్డ్’ మాసపత్రిక కలిసి నడిపాయి. మొదటి భాగం 1912 జులై 26న వచ్చింది. నెలకొకటి చొప్పున 12 భాగాలు, ఒక్కో భాగం ఒక రీలు. కథానాయిక మేరీ ఫుల్లర్. పత్రికలో కథ చదివినవాళ్లు హాలుకి రావాలి, హాల్లో చూసినవాళ్లు పత్రిక కొనాలి. మేరీ ఇల్లు వదిలి వెళ్లిన తర్వాత 20 నిమిషాల్లో ఏం జరిగిందో 300 మాటల్లోపు సరిగ్గా ఊహించి రాసినవారికి 100 డాలర్లు ఇస్తామని పత్రిక పోటీ కూడా పెట్టింది. అంటే సినిమాకి పత్రికని, పోటీని ముడివేసే పద్ధతి మొదటి రోజు నుంచే ఉంది.

కానీ ఏ భాగం కథ ఆ భాగంలోనే ముగుస్తుంది. మన వారపత్రికల్లో అడుగున ‘సశేషం’ అని వేస్తారు చూడండి, ఆ సశేషం ‘మేరీ’లో లేదు. అందుకని దీన్ని మొదటి సీరియల్ అనడంకంటే, పత్రికతో జతకట్టిన మొదటి సినిమాల వరస అని రాయడం నయం. మీ పట్టికలో ‘భాగం ముగిసిందా, మధ్యలో ఆపారా’ అని ఒక గడి కలపండి. లేకపోతే ‘ద హజార్డ్స్ ఆఫ్ హెలెన్’ దగ్గర మళ్లీ ఇదే చిక్కు. కాలెమ్ వాళ్ల ఆ వరసలో 119 భాగాలున్నాయి, దేనికదే పూర్తి కథ. హెలెన్ హోమ్స్ మొదలుపెడితే తర్వాత హెలెన్ గిబ్సన్ కొనసాగించింది. దాన్నీ ‘ద పెరిల్స్ ఆఫ్ పాలీన్’ (1914) సీరియల్‌నీ ఒకే గాటన కట్టడం తప్పు.

మూకీమిత్ర (టపా 3)

పాతకాగితం గారు చెప్పింది సరే. సశేషం వైపు మొదటి పెద్ద అడుగు ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ క్యాథ్లిన్’. సెలిగ్ కంపెనీ తీసింది, 1913 డిసెంబరు 29న మొదలైంది. 13 ఎపిసోడ్లు, రెండు వారాలకొకటి. మొదటిది మూడు రీళ్లు, మిగతావి రెండేసి. జతగా కథ వేసింది ‘చికాగో ట్రిబ్యూన్’. అప్పటికి చికాగోలో పత్రికల మధ్య పాఠకుల కోసం నిజంగానే యుద్ధం నడుస్తోంది. ఈ కథతో ట్రిబ్యూన్ అమ్మకం పదిశాతం దాకా పెరిగిందని చెబుతారు. మిగతా పత్రికలన్నీ సినిమా కంపెనీల తలుపు తట్టడానికి కారణం ఆ పెరుగుదలే.

మన పాఠకులకి ఇందులో ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. కథ జరిగేది భారతదేశంలో, ‘అల్లాహా’ అనే లేని సంస్థానంలో. సెలిగ్‌కి సొంత జంతుశాల ఉంది కాబట్టి పులులు, ఏనుగులు, సింహాలు అన్నీ చేతికందేవే. చేతిలో ఉన్న జంతువుల్ని వాడుకోవడానికి అనువుగా ఇండియాని ఎంచుకున్నారు. కథానాయికగా వేసిన క్యాథ్లిన్ విలియమ్స్ పేరే పాత్రకీ పెట్టారు. హెరాల్డ్ మెక్‌గ్రాత్ రాసిన నవలని 1914లో బాబ్స్‌-మెరిల్ ప్రచురణకర్తలు సినిమా ఫోటోలతో వేశారు. పట్టికలో ‘పుస్తకం’ గడికి ఇది మంచి ఉదాహరణ.

కార్బన్‌కడ్డీ (టపా 4)

రెండో ప్రశ్నకి వస్తాను. రీలుపెట్టె గారూ, మీ పత్రికలో తప్పేమీ లేదు. ఆ ఎనిమిది వారాల తేడా ఆనాటి ప్రింట్ల వ్యాపారం వల్ల వచ్చింది.

సీరియల్ ప్రింట్లు ప్రతి ఊరికీ ఒకటి చొప్పున తీయరు. ఎక్స్‌ఛేంజి (హాళ్లకి ప్రింట్లు అద్దెకిచ్చే సంస్థ) దగ్గర కొన్ని ప్రింట్లుంటాయి. మొదటి వారం పెద్ద నగరాల్లో ఖరీదైన హాళ్లకి వెళ్తాయి. ప్రింటు పాతబడేకొద్దీ అద్దె తగ్గుతుంది. చిన్న ఊరి హాలువాడు ఆ తగ్గిన అద్దెకే తీసుకుంటాడు. లెక్క వేసి చూడండి. ‘మిలియన్ డాలర్ మిస్టరీ’ 1914 జూన్ 22న మొదలై వారానికొకటి చొప్పున వచ్చింది. ఎనిమిది వారాలు పాతబడ్డ ప్రింటు తీసుకున్న హాల్లో మొదటి ఎపిసోడ్ పడేది ఆగస్టు 17 వారంలో. నగరం లెక్క ప్రకారం కథ వేస్తున్న పత్రిక ఆ వారానికి 9వ అధ్యాయంలో ఉంటుంది. మీరు చూసింది సరిగ్గా ఇదే.

దీనివల్ల హాలువాడికి రెండు నష్టాలు. పత్రిక చదివే ప్రేక్షకుడికి ముందు ఏం జరుగుతుందో ఎనిమిది వారాల మేర తెలిసిపోతుంది. రెండోది ఇంకా పెద్దది. పోటీ గడువు దేశమంతటికీ ఒకటే. కొన్ని ఊళ్లలో చివరి ఎపిసోడ్లు పడేనాటికి గడువు దగ్గరపడుతుంది, కొన్నిచోట్ల దాటిపోతుంది కూడా. బహుమతి ఆశతో వచ్చే జనం అక్కడ ఉండరు. ‘క్యాథ్లిన్’, ‘పాలీన్’ రెండు వారాలకొకటి వచ్చాయి కాబట్టి ప్రింటు తిరగడానికి కాస్త వ్యవధి దొరికింది. వారానికొకటి పద్ధతి మొదలయ్యాక ఆ వ్యవధి పోయింది. రైలు ఆలస్యమై ప్రింటు రాకపోతే ఆ వారం ఎపిసోడ్ ఎగిరిపోతుంది, పై వారం రెండూ కలిపి వేస్తారు. ప్రకటనల్లో ‘ఈ రాత్రి రెండు ఎపిసోడ్లు’ అని కనిపిస్తే ముందు వారం ఖాళీ పోయిందేమో చూడండి.

సీసం అచ్చులు (టపా 5)

కార్బన్‌కడ్డీ గారి లెక్కకి ఒక సవరణ. అన్ని పత్రికలూ నగరం తేదీలనే పట్టుకోలేదు. చిన్న పత్రికలకి సిండికేటు (ఒకే కథని చాలా పత్రికలకి అమ్మే సంస్థ) నుంచి కథ రెండు రూపాల్లో వచ్చేది.

ఒకటి మ్యాట్. పేర్చిన అచ్చు మీద తడి కాగితపు గుజ్జు అట్టని గట్టిగా నొక్కి ఆరబెడతారు. అక్షరాలు, బొమ్మలు గుంటలుగా దిగుతాయి. ఈ అట్ట తేలిక, టపాలో పోతుంది. స్థానిక ప్రెస్సులో దాని మీద కరిగిన సీసం పోస్తే పలక తయారు. రెండోది నేరుగా పోతపోసిన పలక, పత్రిక పేజీలో ఒక కాలమ్ వెడల్పున వస్తుంది. సీసం పొయ్యి లేని ప్రెస్సులకి ఇదే దిక్కు.

రెండింటిలోనూ తేదీ ఉండదు. హాలు ఎప్పుడు మొదలుపెడితే అప్పుడు పత్రిక కూడా మొదలుపెట్టే వీలుంది. అందుకే హాలు యజమానితో ముందే మాట్లాడుకున్న పత్రికల్లో తేడా వారం కూడా ఉండదు. మాట్లాడుకోని చోట రెండు నెలలుంటుంది. పట్టికలో ఒకే ‘పత్రిక తేదీ’ గడి పెడితే ఈ రెండు రకాలూ కలిసిపోతాయి.

ఇంకో జాగ్రత్త. పలక పొడవు ఎక్కువై పేజీలో పట్టకపోతే ఫోర్‌మన్ రంపంతో కోసేస్తాడు. కోత పడేది సాధారణంగా అధ్యాయం చివర, అంటే సరిగ్గా ఉత్కంఠ ఉండే పేరాల మీద. మీ ప్రతిలో అధ్యాయం చప్పగా ముగిసిందనిపిస్తే అది రచయిత తప్పు కాకపోవచ్చు. అదే అధ్యాయాన్ని కనీసం మూడు పత్రికల్లో చూసి, వాటిలో పొడవైన పాఠాన్ని తీసుకోండి.

రీలుపెట్టె (టపా 6)

చాలా థాంక్సండీ. రంపం సంగతి నేను ఊహించనే లేదు. మరి విడుదల తేదీకి ఆధారంగా దేన్ని పట్టుకోవాలి? నా దగ్గర ఉన్నవన్నీ పత్రికల స్కాన్లే.

పాతకాగితం (టపా 7)

సాధారణ పత్రికతో మొదలుపెట్టకండి. క్రమం ఇలా ఉండాలి.

ముందు వ్యాపార పత్రికలు. ‘మూవింగ్ పిక్చర్ వరల్డ్’, ‘మోటోగ్రఫీ’, ‘మోషన్ పిక్చర్ న్యూస్’ ప్రతి వారం విడుదల జాబితాలు వేసేవి. వీటి స్కాన్లు మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. ఎపిసోడ్ సంఖ్య, పేరు, రీళ్లు, తేదీ అక్కడినుంచి రాసుకోండి. అదే మీ వెన్నెముక.

తర్వాత కాపీరైటు దాఖలాలు. 1912 ఆగస్టులో అమెరికా చట్టం మారి సినిమాలకి విడిగా నమోదు వచ్చింది. నమోదు కోసం సమర్పించిన కథాసారాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఫిల్ము పోయిన సీరియల్‌కి తెరమీద నిజంగా ఏం జరిగిందో చెప్పే కాగితం ఇదే. పత్రిక నవలలో రచయిత పెంచి రాసినవి ఉంటాయి, తెరమీద లేని సంభాషణలుంటాయి. రెండూ తేడాగా ఉంటే కథాసారం వైపు మొగ్గండి.

స్థానిక పత్రికల దగ్గరికి అప్పుడు రండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ‘క్రానిక్లింగ్ అమెరికా’ చాలు. వెతికేటప్పుడు సీరియల్ పేరుతో మాత్రమే వెతికితే సగం తప్పిపోతాయి, ఎందుకంటే పెద్ద అక్షరాల శీర్షికని యంత్రం సరిగా చదవలేదు. కథలోని పాత్రల పేర్లతో వెతకండి, అవి చిన్న అక్షరాల్లో పదేపదే వస్తాయి కాబట్టి ఏదో ఒకటి తగులుతుంది. అధ్యాయం సంఖ్య రోమన్ అంకెల్లో ఉంటుంది. యంత్రం 8ని 13గా, 3ని 2గా చదవడం మామూలే, కళ్లతో సరిచూడక తప్పదు.

మూకీమిత్ర (టపా 8)

‘మిలియన్ డాలర్ మిస్టరీ’లో పాత్ర పేరుతో వెతికేవాళ్లకి ఒక హెచ్చరిక. కథానాయిక ఫ్లారెన్స్ గ్రే అనే వారసురాలు. సీరియల్‌కి ముందు ప్రచారం కోసం, ఆ పేరుగల సంపన్న యువతి కనబడటం లేదని మామూలు వార్తలా పత్రికల్లో వచ్చేలా చేశారు. మీ వెతుకులాటలో ఆ పేరు వార్తల పేజీలో తగిలితే అది కథా కాదు, హాలు ప్రకటనా కాదు. దానికి ‘ప్రచార వార్త’ అని వేరే గడి పెట్టండి. ఎందరో నిజమని నమ్మారు. ప్రచారం, వార్త ఒకే రూపంలో రావడం మంచి పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. అయితే చరిత్ర రాసేవాళ్లకి అది ముఖ్యమైన పత్రమే.

ఇక పోటీ. థాన్‌హౌజర్ కంపెనీ 22 ఎపిసోడ్లలో కథ నడిపి రహస్యాన్ని విప్పకుండా వదిలింది. పరిష్కారాన్ని 100 మాటల్లో రాసి పంపినవారిలో ఒకరికి 10,000 డాలర్లు. గెలిచింది సెయింట్ లూయీలో ఆఫీసు ఉద్యోగం చేసే ఒక యువతి. ఆ పరిష్కారంతో 23వ ఎపిసోడ్ తీసి విడుదల చేశారు. అంటే ఈ సీరియల్లో పోటీ ప్రచారంగా మాత్రమే లేదు, చివరి ఎపిసోడ్ నిర్మాణంలో భాగమైంది. హర్స్ట్ పత్రికలు ‘పాలీన్’తో 25,000 డాలర్ల బహుమతులు ప్రకటించాయి, సొమ్ము అక్కడే ఎక్కువ. కానీ పోటీని కథలోకి ఇంత లోతుగా దించినది ‘మిలియన్ డాలర్ మిస్టరీ’.

అంత లాభం చూసి వెంటనే ‘జుడోరా’ తీశారు, 20 ఎపిసోడ్లు. అది ఎందుకు కూలిందో ఇక్కడ రాయడం అవసరం. మొదటి సీరియల్లో విలేఖరిగా జనం మెచ్చిన జేమ్స్ క్రూజ్‌కి ఇందులో తలపాగా చుట్టి, హసమ్ అలీ అని పేరు పెట్టి దుర్మార్గుడైన మాంత్రికుడిని చేశారు. జనం అతన్ని అలా చూడదలచుకోలేదు. ఇంకో లోపం, మొదటి భాగాలు ఒక్కొక్కటి ఒక్కో నేరపరిశోధన. దేనికదే ముగుస్తుంటే పై వారం రావాల్సిన అవసరమేముంది? మధ్యలో కథ మార్చి, హసమ్ అలీని తప్పించి, క్రూజ్‌ని మళ్లీ విలేఖరిగా తెచ్చారు. పేరు కూడా ‘ద ట్వెంటీ మిలియన్ డాలర్ మిస్టరీ’ అని మార్చారు. ఇది పట్టిక చేసేవాళ్లకి ఉచ్చు. ఒకే సీరియల్ రెండు పేర్లతో రెండు వరసలు కాకుండా చూసుకోండి.

కార్బన్‌కడ్డీ (టపా 9)

దీనికి కలపాల్సింది ఒకటి. కంపెనీ అధిపతి చార్లెస్ హైట్ 1914 ఆగస్టులో కారు ప్రమాదంలో చనిపోయాడు, ‘మిలియన్ డాలర్ మిస్టరీ’ ఇంకా నడుస్తుండగానే. ‘జుడోరా’ గందరగోళానికి స్క్రీన్‌ప్లే ఒక్కటే కారణం అనుకోవద్దు. నడిపించే మనిషి లేడు.

బెజవాడ బయోస్కోపు (టపా 10)

మన వైపు సంగతి కూడా పట్టికలో ఒక మూల పెడితే బాగుంటుంది. రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1910లో క్రోనో మెగాఫోన్ (బొమ్మతోపాటు రికార్డు శబ్దం వినిపించే యంత్రం) తెప్పించి ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చారు. ఆ తర్వాత మద్రాసు మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ కట్టారు, ఆ ఊళ్లో భారతీయుడి సొంతమైన మొదటి శాశ్వత సినిమా హాలు అదే. ఆయన హాళ్లలో ఆడినవాటిలో ‘మిలియన్ డాలర్ మిస్టరీ’, ‘మిస్టరీస్ ఆఫ్ మైరా’, ‘బ్రోకెన్ కాయిన్’ పేర్లు చెబుతారు. బెజవాడలో మారుతీ హాలు వచ్చింది 1921లో. అప్పటికి అమెరికాలో సీరియల్ పద్ధతి తొమ్మిదేళ్ల పాతది.

కార్బన్‌కడ్డీ గారు చెప్పిన ఎనిమిది వారాల తేడాని ఇక్కడిదాకా సాగదీసి చూడండి. ప్రింటు సముద్రం దాటి మద్రాసు చేరేసరికి 10,000 డాలర్ల పోటీ గడువు ముగిసిపోయి ఉంటుంది. ఇక్కడి ప్రేక్షకుడి ముందున్నది తెర ఒక్కటే. అయినా ఆ సీరియళ్లు ఇక్కడ ఆడాయి. దూకుళ్లు, రైళ్లు, కొండ అంచులు చూడ్డానికి ఇంగ్లీషు చదువు అక్కర్లేదు. మిగతా దేశంలోనూ అంతే. వాడియా సోదరులు బొంబాయిలో ‘హంటర్‌వాలీ’ (1935) తీసినప్పుడు కథానాయిక నాదియా చేత చేయించిన సాహసాల వెనక, ‘పాలీన్’ కథానాయిక పెర్ల్ వైట్ సీరియళ్ల ముద్ర స్పష్టంగా ఉంది.

వెంకయ్య గారి హాళ్లలో ఆడినవాటి జాబితాల్లో ‘క్లచింగ్ హ్యాండ్’ అని కూడా ఉంటుంది. అది వేరే సీరియలా?

మూకీమిత్ర (టపా 11)

కాదండీ. ‘ది ఎక్స్‌ప్లాయిట్స్ ఆఫ్ ఎలైన్’లో ముసుగు ప్రతినాయకుడి పేరు అది. మూకీ కాలపు జాబితాలో ఉంటే ‘ఎలైన్’ వరసలో వేసి, ‘ప్రదర్శన పేరు’ గడిలో క్లచింగ్ హ్యాండ్ అని రాయండి. 1936లో అదే పేరుతో టాకీ సీరియల్ ఒకటి 15 భాగాలుగా వచ్చింది, దానితో కలపొద్దు.

‘ఎలైన్’ గురించి ఇంకో మాట. దాని తర్వాత ‘న్యూ ఎక్స్‌ప్లాయిట్స్’, ‘రొమాన్స్ ఆఫ్ ఎలైన్’ వచ్చాయి. 14, 10, 12, మొత్తం 36 ఎపిసోడ్లు. పాతే (Pathé) అనే ఫ్రెంచి సినిమా కంపెనీ ఫ్రాన్స్‌లో వీటన్నిటినీ కలిపి మళ్లీ కత్తిరించి, ‘లె మిస్తేర్ ద న్యూయార్క్’ పేరుతో 22 ఎపిసోడ్లుగా 1915 డిసెంబరు నుంచి విడుదల చేసింది. పత్రిక కథ ‘ల మతాఁ’ దినపత్రికలో, రాసింది పియేర్ దకూర్సెల్. ఫ్రెంచి పోస్టరు మీద ‘7వ ఎపిసోడ్’ ఉంటే అమెరికన్ 7 అనుకోవడానికి వీల్లేదు. పట్టికలో దేశానికొక సంఖ్య గడి తప్పదు.

ఫ్రాన్స్‌లోనే ఇంకో కంపెనీ గోమాఁ వాళ్ల ‘లే వాంపీర్’ సీరియల్ ప్రచారం దీనికి పోటీగా నడిచింది. దాని పోస్టరు మీద ముసుగు మొహాల మెడ చుట్టూ ప్రశ్నార్థకం. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అని నాలుగే మాటలు. గోడ మీద కాగితం ఒక్కటి చేయగల పనికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కార్బన్‌కడ్డీ (టపా 12)

‘పాలీన్’కి ఇదే గొడవ ఇంకా ఎక్కువ. 1914 మార్చి 23న మొదలైన అసలు సీరియల్ 20 ఎపిసోడ్లు. ఇవాళ మనం చూసేది ఫ్రాన్స్‌లో కుదించిన 9 ఎపిసోడ్ల ప్రతి. అసలు కథలో ప్రతినాయకుడు రేమండ్ ఓవెన్. ఈ ప్రతిలో అతను కోర్నర్. యుద్ధ కాలంలో దుర్మార్గుడికి జర్మన్ పేరు అంటించారు. టైటిల్ కార్డులు ఇంగ్లీషు నుంచి ఫ్రెంచికి, మళ్లీ ఇంగ్లీషుకి మారి వచ్చాయి. ‘ఇమ్మోర్టల్’ అని ఉండాల్సిన చోట ‘ఇమ్మోరల్’ అని ఉంటుంది, మరణం లేని బలం కాస్తా నీతిలేని బలమైంది. ఈ ప్రతి చూసి కథాసారం రాసి, దాన్ని 1914 పత్రికతో పోల్చి ‘పత్రికలో పేరు తప్పు వేశారు’ అనడం చాలాచోట్ల కనిపిస్తోంది. తప్పు పత్రికది కాదు.

ఆ ప్రతి మిగలడానికి కారణం 28 మి.మీ. ఫిల్ము. పాతే 1912లో ఇళ్ల కోసం తెచ్చిన ‘కోక్’ ప్రొజెక్టరు కోసం, మండని ఆధారం మీద చేసిన ఫిల్ము అది. ఫ్రేముకి ఒక పక్క మూడు రంధ్రాలు, రెండో పక్క ఒకటే. చేతిలో ముక్క ఉంటే ఆ రంధ్రాలు లెక్కపెట్టండి, పాతే 28 అని అక్కడే తెలిసిపోతుంది. కోక్‌లో చేత్తో తిప్పే పిడే చిన్న డైనమోని కూడా తిప్పుతుంది, దీపానికి కరెంటు అందులోంచే. కరెంటు లేని ఇంట్లో కూడా బొమ్మ పడేది. తిప్పే వేగం తగ్గితే వెలుగూ తగ్గుతుంది.

రీలుపెట్టె (టపా 13)

నిడివి గడి నిమిషాల్లో వేయాలనుకుంటున్నాను. రెండు రీళ్లంటే ఎంత అనుకోవాలి?

కార్బన్‌కడ్డీ (టపా 14)

నిమిషాలు రాయకండి, రీళ్లు రాయండి, ఫీట్లు తెలిస్తే ఇంకా మంచిది. 35 మి.మీ.లో అడుగుకి 16 ఫ్రేములు. నిండు రీలు 1000 అడుగులు. సెకనుకి 16 ఫ్రేముల చొప్పున తిప్పితే 16 నిమిషాల 40 సెకన్లు. 18 అయితే 14:49, 20 అయితే 13:20, టాకీ వేగం 24 అయితే 11:07. రెండు రీళ్ల ఎపిసోడ్ 33 నిమిషాల దాకా ఉండొచ్చు, 22 నిమిషాలకే అయిపోనూవచ్చు. రీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండవు కూడా. రాత్రికి ఒక ఆట ఎక్కువ వేయాలనుకున్న ఆపరేటరు గబగబా తిప్పేస్తాడు. ఆన్‌లైన్ వీడియోలో ఎపిసోడ్ 22 నిమిషాలే ఉంటే కత్తిరించారని వెంటనే తేల్చకండి, ముందు వేగం చూడండి. మనుషులు పరిగెత్తినట్టు నడుస్తుంటే అది 24.

సీసం అచ్చులు (టపా 15)

ఇప్పుడు మూడో ప్రశ్న. భూతద్దం కనీసం 10 రెట్లది కావాలి.

పోస్టరు: ఒక షీటు 27×41 అంగుళాలు, మూడు షీట్లది 41×81, ఆరు షీట్లది 81×81. అద్దాల్లో పెట్టే కార్డు 14×22, లాబీ కార్డు 11×14. కొలత అరంగుళం కంటే ఎక్కువ తేడా వస్తే అంచులు కోశారా, చిన్నది చేసి మళ్లీ అచ్చువేశారా అని చూడాలి. ఆ కాలపు రంగు పోస్టర్లు చాలావరకు రాతి మీద వేసిన లితో. భూతద్దం కింద క్రేయాన్ గీసినట్టు ఎగుడుదిగుడు చుక్కలు కనిపిస్తాయి. చుక్కలు గీత గీసినట్టు వరసలో, పూరేకుల్లా గుండ్రంగా పేరుకుని ఉంటే అది ఫోటో తీసి యంత్రం మీద వేసే ఆఫ్‌సెట్. రాతి లితో పోస్టరుకి అసలు ప్రతి అలా ఉండదు.

కరపత్రం: ముందు వైపు బొమ్మ, కథ కంపెనీ అచ్చువేసి పంపుతుంది. అడుగునో వెనకనో ఖాళీ వదులుతుంది. హాలువాడు ఊళ్లో ప్రెస్సుకి తీసుకెళ్లి హాలు పేరు, వారం, టికెట్టు ధర వేయిస్తాడు. కాగితాన్ని కంటి ఎత్తుకి తెచ్చి దీపానికి వాలుగా పట్టుకోండి. స్థానిక అక్షరాలు సీసపు అచ్చుతో నొక్కినవి కాబట్టి కాగితం లోపలికి దిగి ఉంటాయి. భూతద్దం కింద ఒక్కో అక్షరం అంచున సిరా చిన్న గట్టులా పేరుకుని కనిపిస్తుంది. బొమ్మలో ఆ నొక్కు ఉండదు. ఒకే కాగితం మీద రెండు రకాల అచ్చు ఉంటే ఆ కాలపుదని నమ్మడానికి బలమైన ఆధారం. హాలు పేరు, తేదీ అక్షరాలు కూడా బొమ్మలాగే సమంగా, నున్నగా ఉంటే ఫోటో తీసి మళ్లీ వేసిందేమో అని అనుమానించాలి. పైగా స్థానిక అచ్చు ఉన్న కరపత్రం మీ రెండో ప్రశ్నకి కూడా జవాబు. ఆ ఊళ్లో ఆ ఎపిసోడ్ ఏ రోజు పడిందో దానిమీదే ఉంటుంది. సేకరించేవాళ్లు తెల్లగా ఖాళీ ఉన్నదానికే ఎక్కువ ధర పెడతారు. పట్టిక చేసేవాళ్లకి మాత్రం అచ్చుపడ్డదే విలువైనది.

గాజు స్లైడు (హాల్లో రాబోయే బొమ్మకి ప్రకటనగా తెరమీద వేసేది): 3¼×4 అంగుళాలు, రెండు పలకలు, మధ్యలో నల్ల కాగితం చట్రం, చుట్టూ టేపు. అడుగున చేత్తో తేదీ రాసుకోవడానికి పట్టీ. ఆ పట్టీ మీద రాత గీకకండి, తడిగుడ్డ అసలే తాకించకండి.

షీట్ మ్యూజిక్: ‘పూర్ పాలీన్’ 1914ది. ఆ రోజుల్లో పాటల కాగితాలు పెద్దవి, సుమారు 10½×13½ అంగుళాలు. యుద్ధకాలంలో కాగితం పొదుపు కోసం 9×12కి తగ్గాయి. 1914 అని వేసి ఉన్నా కొలత 9×12 అయితే తర్వాతి అచ్చు, లేదా అంచులు కోసిన ప్రతి. సంగీతం గీతలు అంచుకి మరీ దగ్గరగా ఉంటే కోశారని అర్థం.

పాతకాగితం (టపా 16)

పుస్తకాలకి కూడా ఒక మాట. గ్రోసెట్ అండ్ డన్‌లాప్ లాంటివాళ్లు వేసిన సినిమా ఫోటోల నవలల్లో శీర్షిక పేజీ మీద ‘ఫోటోప్లే (అంటే సినిమా) దృశ్యాలతో’ అని అచ్చై ఉంటుంది. అది ఉండి లోపల ఫోటో పలకలు లేకపోతే ఎవరో కోసుకున్నారు. బైండింగు దగ్గర కాగితపు మొదళ్లు వేలికి తగులుతాయి, ఫోటోల జాబితాతో సరిచూడండి.

చిరిగినచోట సెల్లో టేపు వేయొద్దు. దాని జిగురు పసుపై కాగితంలోకి దిగితే తీయడం కష్టం. గోధుమ గంజి, పలచని జపాను కాగితం చాలు, తడి ఎక్కువ కాకుండా. మన తీరప్రాంతపు ఉక్కలో లామినేషన్ ఇంకా చేటు, తేమ లోపల చిక్కి బూజు పడుతుంది.

రీలుపెట్టె (టపా 17)

అందరూ చెప్పినట్టు గడులు మార్చాను. ఒక వరస నమూనా పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

మిలియన్ డాలర్ మిస్టరీ / థాన్‌హౌజర్ / 23 ఎపిసోడ్లు, సశేషం పద్ధతి / మొదటి విడుదల 1914 జూన్ 22 / చివరిది 1914 నవంబరు / పత్రిక కథ: మెక్‌గ్రాత్ / పత్రిక తేదీలు: (అ) నగరం లెక్క (ఆ) హాలుతో కలిసిన లెక్క / పోటీ: 100 మాటలు, 10,000 డాలర్లు / ప్రచార వార్త: ఉంది / ఫిల్ము: దొరకలేదు / మద్రాసు: ప్రదర్శించారు.

మూకీమిత్ర (టపా 18)

చివరి తేదీ మార్చాలి. నవంబరులో అయిపోయింది 22వ ఎపిసోడ్. పోటీ పరిష్కారంతో తీసిన 23వది 1915 ఫిబ్రవరిలో వచ్చింది. రెండిటికీ రెండు వరసలు వేసి మధ్యలో పోటీ గడువు పెట్టండి. 1918లో దీన్నే కుదించి ఫీచర్‌గా మళ్లీ వదిలారు. ఆ పోస్టరు చేతికొస్తే 1914 గడిలో వేయొద్దు.

రీలుపెట్టె (టపా 19)

మార్చాను. 1918 విడుదలకి వేరే వరస వేశాను. రేపటినుంచి ‘బ్రోకెన్ కాయిన్’ మొదలుపెడతాను, 22 ఎపిసోడ్లు. వ్యాపార పత్రికల జాబితాతోనే మొదలు.